కామెడీ ఫైట్ ఒక్క వైడ్‌ల తీయాల్నా, ముక్కలు చేసి అతికియ్యాల్నా?

మిల్లు గేటు:
చర్చకు ఒక లెక్క పెట్టుకుందాం. మిర్యాలగూడ పక్కన బందువడ్డ రైస్ మిల్లు. చివరి ఫైట్ తెర మీద 3 నిమిషాలు. షూటింగ్‌కు 2 రోజులు, కెమెరా ఒక్కటే, ఫైటర్లు ఆరుగురు. హీరోకు కరాటే వస్తది గాని సినిమా దెబ్బ తెల్వదు. రోప్ లేదు, గ్రాఫిక్స్‌కు పైసల్లేవు. కథ కామెడీ, తూకంల మోసం చేసే మిల్లోళ్లతోని కొట్లాట. మనిషి కాళ్ల నుంచి తలదాక కనబడే వైడ్‌ల పొడుగ్గ తీస్తేనే నవ్వు వస్తదని కొందరంటరు. దగ్గరి షాట్లు కోసి అతికిస్తేనే హీరో కొట్టినట్టు కనబడ్తదని కొందరంటరు. మీరు ఏ దిక్కు? ఎందుకో కూడ చెప్పుండ్రి.

పేము బెత్తం:
వైడ్ దిక్కే. కామెడీ ఫైట్‌ల నవ్వు దెబ్బల ఉండదు, దెబ్బకూ దాని ఫలితానికీ నడుమ ఉంటది. చాట అడ్డం పెట్టిండు, గుద్దు చాటను చీల్చుకొని వచ్చింది, ఆ బొక్కల నుంచి హీరో కన్ను పెట్టి చూసిండు. ఈ మూడూ ఒక్క ఫ్రేముల జరిగితే జనం నవ్వుతరు. చాట ఒక షాటు, గుద్దు ఒక షాటు, కన్ను ఒక షాటు అయితే అది సమాచారం అయితది, నవ్వు కాదు.

ఇగ లెక్క. 3 నిమిషాలంటే 180 సెకండ్లు. షాటుకు రెండు సెకండ్ల చొప్పున కోస్తే 90 షాట్లు. ఒక్క కెమెరాతోని, లైటు జరుపుకుంట, చెమట తుడుసుకుంట, రోజుకు 25 సెటప్‌లు (కెమెరా, లైటు కొత్తగ సర్దుడు) పడితే గొప్ప. రెండు రోజులకు 50. అదే షాటు సగటున 6 సెకండ్లు పెట్టుకుంటే 30 షాట్లల్ల పని అయితది, ఒక్కోదానికి ఐదారు టేకులు తీసే టైము మిగులుతది. పైసల్లేని సినిమాకు ఫ్రీగ దొరికేది ఒక్కటే, రిహార్సల్. దాన్ని వాడుకునేది వైడే.

ఎడిట్ టేబుల్:
అన్నా, లెక్క సగమే చెప్పినవు. 90 ముక్కలకు 90 సెటప్‌లు అక్కర్లేదు. ఒక్క సెటప్‌ల తీసినదాన్ని నాలుగు చోట్ల వాడుకోవచ్చు. 50 సెటప్‌లల్ల 90 ముక్కలు సులభంగ వస్తయి.

రెండో లెక్క నేను చెప్త. సినిమా ఫైట్ తెల్వని హీరో ఒక్కో మూమెంట్ (ఒక గుద్దో, ఒక తన్నో) పదిసార్లల్ల తొమ్మిదిసార్లు సరిగ్గ చేసిండనుకో, అది మంచి చెయ్యే. షాటుల 5 మూమెంట్లు ఉంటే మొత్తం సరిగ్గ వచ్చేది పదింట్ల ఆరు టేకులు. 7 ఉంటే సగానికి సగం పోతయి. 15 ఉంటే ఐదింట్ల ఒక్కటే నిలబడ్తది. మే నెల, రేకుల షెడ్డు, బయట 44 డిగ్రీలు. ఐదారు ఫుల్ స్పీడు టేకులైనంక తన్ను నడుము ఎత్తు దాటదు. ఆరో టేకుల కాలు లేవక, ఏడో టేకుల గుద్దు నిజంగనే మూతికి తాకి, షూటింగ్ ఆడనే ఆగుతది.

ఇంకోటి. వైడ్ పెడితే దెబ్బకూ మొఖానికీ నడుమ ఉన్న ఖాళీ బయటపడ్తది. దగ్గరి షాటుల భుజం ఎన్క దాచొచ్చు.

పేము బెత్తం:
ఈడ రెండు సంగతులు కలిపేస్తున్నరు. వైడ్ ఫ్రేమ్ వేరు, వైడ్ లెన్సు వేరు. 24 మి.మీ. లెన్సు పెట్టుకొని 14 అడుగుల దూరం నుంచి తీస్తే ఖాళీ తెలుస్తది, నిజమే. 50 మి.మీ. లెన్సు పెట్టి ఎన్కకు పోవాలె. సూపర్ 35 సైజు కెమెరా సెన్సరుకు 8 అడుగుల ఎత్తు ఫ్రేముల పట్టాలంటే 28 అడుగులు ఎన్కకు కావాలె. మిల్లు కళ్లంల ఆ జాగకు కరువు లేదు. అంత దూరం నుంచి చూస్తే, ముక్కు ముంగట ఒక జాన దూరంల పోయిన పిడికిలి సైజుల తేడా నూటికి మూడు వంతులే, కన్ను పట్టదు. అదే కెమెరా 5 అడుగుల దగ్గరుంటే నూటికి 15 వంతులు, చిన్న పిల్లగాడు కూడ పడ్తడు.

అయితే ఆ ఫ్రేమ్ అడ్డం 14 అడుగులే. ముగ్గురికి మించి అందుల కొట్లాడలేరు. అందుకని ఆరుగురు ఒక్కసారి మీద పడుడు వద్దు. ఇద్దరు కొట్లాడుతుంటే మూడోటోడు ఫ్రేముల లేస్తుండాలె. వచ్చేటోడు పక్క నుంచి కాదు, ఎడమ ముంగటి మూల నుంచి కుడి ఎన్క మూలకు వాలుగ రావాలె. అట్లైతేనే కెమెరా, పిడికిలి, మొఖం ఒక్క గీత మీదికి వస్తయి. పక్క నుంచి కొడితే ఆ జాన ఖాళీ అద్దంల చూపినట్టు కనబడ్తది.

15 మూమెంట్ల షాటు ఎవ్వరూ తీయమనలే. షాటుకు ఐదు, మించితే ఏడు. రిహార్సల్ పావు స్పీడుల మొదలుపెట్టి, సగానికి, ముప్పావుకు పోవాలె. ఫుల్ స్పీడు టేకులనే. ప్రతి గుద్దుకు ముందు కండ్లు కలవాలె. దెబ్బ తినేటోడు సిద్ధమైనట్టు కన్ను ఇస్తేనే కొట్టేటోడు చెయ్యి తీయాలె. తల మీదికెళ్లి కర్ర తిప్పేటప్పుడు ముందు వంగుడు, తర్వాత తిప్పుడు. చూసేటోళ్లకు ఉల్టా కనబడ్తది, కర్రను చూసి వంగినట్టు. ఈ వరస తప్పితే ఆ రోజు 108కు ఫోన్ కొట్టుడే.

కర్రలు కూడ చెప్త. కర్రసాముకు వాడే వెదురు బొంగు వద్దు. అది నిలువునా చీలి కత్తిలెక్క లేస్తది. పేము తేవాలె, అది దెబ్బకు పీచు లేస్తదే గాని చీలదు. ప్లాస్టిక్ పైపుకు ఫోమ్ చుట్టి రంగేస్తే సేఫే గాని తిప్పంగనే వంగుతది, వైడ్‌ల పాములెక్క ఊగేది కనబడ్తది. దానిని భుజానికి తాకే ఒక్క దెబ్బకు దగ్గరి షాటుల వాడుండ్రి.

పాలమూరు గడప:
ఇద్దరు కెమెరా దగ్గరనే ఆగిండ్రు. జాగను చూస్తలేరు. మిల్లు అంటే కాళ్ల కింద ఏముంటదో ఆలోచించుండ్రి. సిమెంటు బండ మీద నాలుగు వడ్ల గింజలు చాలు, గోలీల మీద నిలవడ్డట్టే. తన్ను లేపినోని రెండో కాలు పోతది. షాటుకు ముందు పూర్తిగ ఊడ్చి, తడిగుడ్డతోని తుడిచి, ఆరినంక కాళ్లు పడని చోటనే వడ్లు చల్లాలె. ప్రతి టేకు నడుమ మల్ల ఊడ్వాలె. చీపురు పట్టుకొని ఒక మనిషి ఆ పనికే ఉండాలె, ఇంకో పని చెప్పొద్దు.

ఊక ఎగరేస్తే మంచిగ కనబడ్తదని అందరికీ ఆశ. గాలిల లేచిన ఊకధూళికి, తవుడుకు నిప్పు తాకితే గుప్పుమంటది. మూసిన షెడ్డుల అయితే పేలుతది. బీడీ, అగ్గిపెట్టె, వెల్డింగు, చెడిపోయిన స్విచ్చి, ఏదైనా చాలు. కండ్లల్ల పడితే గరగర, ఊపిరికి కూడ మంచిది కాదు. దుమ్ము కావాలంటే ముల్తానీ మట్టి వాడుండ్రి, అది అంటుకోదు. అదీ పిడికెడే, దెబ్బ తినేటోని బట్టల మీద. రిహార్సల్‌ల అందరు మూతికి గుడ్డ కట్టుకోవాలె.

మిల్లు నడుస్తలేదని నమ్మొద్దు. మోటరు బెల్టు దగ్గర ఫైట్ ఉంటే ఫ్యూజులు పీకి మేనేజరు జేబుల పెట్టుకోవాలె. "బందు చేసినం" అన్న మాట చాలదు, ఫ్యూజు చేతిల ఉండాలె.

ఇగ సంచులు. పైనుంచి వడ్ల సంచి మీద పడే గ్యాగు (నవ్వు పుట్టించే ముక్క) ప్రతి ఒక్కరికీ తోస్తది. మన కొనుగోలు సెంటర్ల సంచి 40 కిలోలు. అదే సంచిల ఊక నింపితే ఏడెనిమిది కిలోలే అయితది, సైజు అదే. ఏడు కిలోలు తక్కువనుకోకుండ్రి, పదడుగుల మీదికెళ్లి మెడ మీద పడితే మెడ విరుగుతది. ఊక సంచి పక్కన పడాలె, మనిషి దాని కింది నుంచి ముందే తప్పుకోవాలె. మీద పడినట్టు కనబడేది ఫోమ్ ముక్కలు నింపిన సంచి. అది మెత్తగ ఎగరకుండ నాలుగు మూలల్ల పిడికెడు పిడికెడు ఇసుక మూట కట్టి లోపట కుట్టాలె.

వరిగడ్డి మీద దుంకుడు గురించి కూడ అడుగుతరు. మూడడుగుల గడ్డి మనిషి బరువుకు జానెడు కూడ మిగలది, కింద బండ తాకుతది. నిలబడ్డ ఎత్తు నుంచి పడేదానికి గడ్డి కింద ఫోమ్ బెడ్డు దాచుండ్రి. అంతకు మించిన ఎత్తంటే ఫైట్ మాస్టరు, ఆయన బెడ్లు, ఆయన ఫైటర్లు లేకుండ మాట్లాడొద్దు. కామెడీకి ఎత్తు అవసరమే లేదు. సాఫుగ నడుస్తున్న మనిషి ఉత్తగనే కూలబడితే ఎక్కువ నవ్వొస్తది.

మిల్లు గేటు:
కల్లు కుండల గ్యాగు కూడ ఉన్నది. నల్గొండ జిల్లా కథల కల్లు లేకుంటే ఎట్ల? కుండ నెత్తిన పగలాలె, కల్లు కారాలె.

పాలమూరు గడప:
కుమ్మరాయన దగ్గర ఆవంల పెట్టకముందే తీసుకోవాలె. ఎండిన పచ్చి కుండ పొడి పొడి అయితది, కాలిన కుండ పెంకు బ్లేడులెక్క కోస్తది. పల్చగ చేయమని ముందుగాల చెప్పాలె. పచ్చి కుండల నీళ్లు పోస్తే కొన్ని నిమిషాలల్లనే అడుగు మెత్తబడి ఊడుతది. అందుకని పల్చని పాలిథిన్ సంచిల మజ్జిగ నీళ్లు పోసి ముడేసి లోపట పెట్టాలె, యాక్షన్ చెప్పే ముందు. పగిలేది నడినెత్తి మీద కాదు, ఎన్క భుజం మీద. రుమాలు చుట్టుకున్న పాత్ర అయితే రుమాలు లోపట ఫోమ్ పెట్టొచ్చు. దెబ్బ తినేటోడు కండ్లు మూసుకొని, గదుమ ఛాతీకి ఆనించాలె. నాలుగు కుండల సీనుకు మూడు టేకుల లెక్కన 12, దారిల పగిలేటియి ఒక మూడు. 15 కంటే తక్కువ తేవొద్దు.

ఎడిట్ టేబుల్:
అక్కా, జాగ గురించి నువ్వు చెప్పింది అందరు రాసిపెట్టుకోవాలె. స్పీడు గురించి నాది ఒక మాట. హీరో మెల్లగ ఉంటే సెకండుకు 22 ఫ్రేముల (బొమ్మల) లెక్కన తీసి 24ల నడిపియ్యాలె. నూటికి తొమ్మిది వంతులు స్పీడు వస్తది, జనానికి తెల్వది. మిల్లుల ట్యూబులైట్లు వెలుగుతుంటే షట్టరు 1/50 సెకండు మీదనే ఉంచుండ్రి, లేకుంటే వెలుతురు కొట్టుకుంటది. షట్టరును డిగ్రీలల్ల పెట్టే కెమెరా అయితే 24కు 172.8, 22కు 158.4.

పేము బెత్తం:
22 మంచిదే, కాకపోతే కుండ పగిలే షాటుకు, వడ్లు పడే షాటుకు వాడొద్దు. పడే వస్తువు ఆ తొమ్మిది వంతులతోని నూటికి 19 వంతులు ఎక్కువ గుంజుకున్నట్టు పడ్తది. చెయ్యి స్పీడైతే కన్ను ఒప్పుకుంటది, మజ్జిగ స్పీడ్‌గ పడితే ఒప్పుకోదు. పెదవులు కదిలే షాటుకూ వద్దు.

ఎడిట్ టేబుల్:
అది ఒప్పుకుంట. నువ్వు కూడ ఒకటి ఒప్పుకోవాలె. హీరో గట్టిగ తన్నే నాలుగైదు దెబ్బలకు కట్ ఉండాలె. వైడ్‌ల కాలు తాకే ఫ్రేముల ఆపి, దగ్గరి షాటు రెండు మూడు ఫ్రేములు ఎన్క నుంచి మొదలుపెట్టాలె. దెబ్బ కొంచెం రెండుసార్లు కనబడ్తది, బరువెక్కుతది. నాలుగు ఫ్రేములు దాటితే తప్పులెక్క కనబడ్తది. సౌండు పిడికిలి దాటిన ఫ్రేముల కాదు, తల తిరిగిన ఫ్రేముల వేయాలె. మొఖం తిప్పుడు ఆలస్యం చేసిన ఫైటరును కూడ సౌండు సగం కాపాడుతది. గ్యాగులు వైడ్‌ల ఉంచుండ్రి, నిజమైన దెబ్బలు కోయుండ్రి. మొత్తం వైడ్ అంటే మాత్రం నేను ఒప్పుకోను. హీరో కాలు బరువు వైడ్‌ల కనబడది.

మిల్లు గేటు:
అయితే ఒక్క గ్యాగు మీద తేల్చుండ్రి. హీరో తన్నుతడు, గూండా మూడడుగులు ఎన్కకు పోయి ఎలక్ట్రానిక్ కాంటా మీద కూలబడ్తడు. హమాలీ లేవకుండ, చూడకుండ నంబరు చదువుతడు: "ఎనభై రెండు. తాలున్నది, రెండు కిలోలు తరుగు." పుస్తకంల రాసుకుంటడు. దీంట్ల కట్ ఏడ?

పేము బెత్తం:
ఏడా వద్దు. తరుగు, అంటే తాలు పేరు చెప్పి తూకంల కోసే కిలోలు, ఏందో మన దగ్గర వడ్లు అమ్మిన ప్రతి ఇంటికీ తెలుసు. నవ్వు నంబరుల లేదు, హమాలీ తల ఎత్తకపోవుడుల ఉన్నది. ఆయన ముందు నుంచే ఫ్రేముల కూసోని ఉండాలె, తన్నుకు కూడ ఉలికిపడొద్దు. కూలబడినంక సెకండున్నర నిశ్శబ్దం, అప్పుడు మాట.

చేసే తీరు చెప్త. అసలు కాంటా వాడొద్దు, మనిషి ధన్‌మని పడితే లోపటి లోడ్ సెల్ (బరువు కొలిచే భాగం) పోతది. ప్లైవుడ్‌తోని అదే ఎత్తు డమ్మీ చేపియ్యండి, మీద అంగుళం ఫోమ్, దాని మీద రబ్బరు షీటు. అంచు పిక్కకు తాకుతది, ఆ అంచుకు కూడ రబ్బరు వేయాలె. గూండా ఎన్కకు చూడకుండ రావాలె గద, అందుకని మూడడుగులు నేల మీద కొలిచి 20 సార్లు ఉత్తగ నడిపియ్యాలె, తన్ను లేకుండ. మడిమ కింద తాడో రాయో పెట్టి గుర్తు చేసుడు వద్దు, తట్టుకొని పడ్తడు. కూసునేటప్పుడు చేతులు ఎన్కకు ఆనిస్తే మణికట్టు విరుగుతది. చేతులు ముంగటికి చాపి, వీపు గుండ్రంగ చేసి పడాలె. తన్నేటోడు ఛాతీకి అరికాలు ఆనించి నెట్టాలె, తన్నొద్దు. పోయేది గూండా సొంత కాళ్ల బలం మీద.

ఎడిట్ టేబుల్:
తీరు బాగున్నది. అయినా నంబరు కనబడే దగ్గరి షాటు ఒకటి తీసి పెట్టుండ్రి, పది నిమిషాల పని. 28 అడుగుల నుంచి ఆ ఎర్ర అంకెలు ఫోను స్క్రీను మీద చదువరావు. హమాలీ మాట వినబడకపోతే గ్యాగే పోతది.

పేము బెత్తం:
మాట వినబడేటట్టు మైకు హమాలీ పుస్తకం కింద దాచుండ్రి. ఆ దగ్గరి షాటు తీసినంక మీరు దాన్ని వాడకుండ ఉండలేరు, అదే నా భయం.

మిల్లు గేటు:
మొదటి రోజు పొద్దున ఆరు నుంచి తన్నులు, ఎండ ఎక్కినంక కాంటా, కుండలు రెండో రోజు ఆఖరుకు. అంకెల షాటు తీస్తం. రెండు తీర్లు కోసి, వడ్లు అమ్మే పది మందికి చూపిచ్చి, ఎక్కువ నవ్విందేదో ఈడనే రాస్త.