అప్‌డేట్: అమ్మ గొంతు నొప్పి థైరాయిడ్ వాపేనంట

పోయిన నెల అడిగినా కదా, అమ్మకి జలుబు తగ్గిన రెండు వారాలకి గొంతు ముందర నొప్పి, చెవి దాకా లాగుతా ఉంది, గుండె దడ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) బాగా తక్కువ వచ్చింది, అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనట్టు, దానికి కార్బిమజోల్ మాత్ర వెయ్యాల్నా అని. తిరుపతిలో ఎండోక్రైనాలజిస్ట్‌కి (హార్మోన్ల డాక్టర్) చూపించినాం, సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ అంట, అంటే నొప్పితో వచ్చే థైరాయిడ్ గ్రంథి వాపు. ఆయన వేలితో అట్లా తాకంగానే అమ్మ ఉలిక్కిపడింది. ఈఎస్ఆర్ (ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష) 78, అంటే బాగా ఎక్కువ, స్కాన్‌లో గ్రంథి అయోడిన్ తీసుకోవడమే లేదు. అంటే హార్మోన్ ఎక్కువ తయారవడం కాదు, వాపు వల్ల గ్రంథిలో దాచిపెట్టుకున్నదంతా రక్తంలోకి కారిపోతా ఉంది, అందుకే తయారీని ఆపే కార్బిమజోల్ దీనికి పనిచెయ్యదు. ఇది తెలీక నేనెంత భయపడినానో. నొప్పికి మాత్రలు, దడకి ప్రొప్రనోలాల్ ఇచ్చినారు (ఆస్తమా ఉందా అని ముందే అడిగినారు, ఉంటే అది ఇవ్వరంట).

సంగటి మింగలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి నిన్న రాత్రి పప్పుతో రెండు ముద్దలు తినింది, పక్కనే కూర్చుని చూస్తా ఉండిపోయినా.

హషిమోటో (ఒంట్లో రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ని దెబ్బతీసే జబ్బు) ఏమో అని పోయినసారి అన్న అక్కా, దానికి చేసే యాంటీ టీపీఓ రక్తపరీక్ష నెగటివ్ వచ్చింది, దాంట్లో మామూలుగా ఇంత నొప్పి ఉండదంట. ఇంక టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు ఎక్కువకి పోవచ్చు (అంటే హార్మోన్ తగ్గుతుంది), చానామందికి మళ్ళీ సర్దుకుంటుంది అన్నారు, ఆరు వారాలకి మళ్ళీ టెస్ట్ ఉంది.