న్యూజెర్సీ ఆలయానికి భద్రతా గ్రాంటు: బలహీనతల అంచనా నివేదిక ఎవరిచేత చేయించాలి?

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలోని మా ఆలయ కమిటీ తరఫున అడుగుతున్నాను. 2006లో గవర్నరు ఉత్తర్వుతో ఏర్పడిన ఈ రాష్ట్ర హోంలాండ్ సెక్యూరిటీ కార్యాలయం మౌలిక సదుపాయాలు, సైబర్ భద్రతలతో పాటు ప్రార్థనా స్థలాల రక్షణను కూడా పట్టించుకుంటుందని, లాభాపేక్ష లేని సంస్థలకు ఫెమా (అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) ఇచ్చే భద్రతా గ్రాంటుకు నేరుగా కాక ఈ కార్యాలయం ద్వారానే దరఖాస్తు చేయాలని తెలుసుకున్నాను. కెమెరాలు, కంచె, దృఢమైన తలుపులు వంటివాటికి ఆ నిధులు వాడుకోవచ్చు. అయితే దరఖాస్తుతో పాటు ఆవరణలోని బలహీనతల అంచనా నివేదికను సమర్పించాలి.

నా సందేహం ముఖ్యంగా ఆ నివేదిక గురించే. స్థానిక పోలీసుల పరిశీలన సరిపోతుందా, లేక అనుభవమున్న ప్రైవేటు నిపుణుడిచేత చేయించుకోవడం మేలా? పండుగనాడు పార్కింగు నుంచి చెప్పుల స్టాండు దాకా జనం కిక్కిరిసే పరిస్థితిని (మామూలు రోజున వచ్చి చూసినవారికి అది ఊహకైనా అందదు) అందులో మీరు ఎలా చూపించారు? ఖర్చు ముందుగా సంస్థే భరించి తరువాత తిరిగి రాబట్టుకోవాలి కనుక, విరాళాలతో నడిచే ఆలయాలు ఆ మధ్యకాలాన్ని ఎలా నెట్టుకొచ్చాయో, ఇదివరకు ఈ గ్రాంటు పొందినవారు దయచేసి వివరంగా తెలియజేయగలరని మనవి.