సమస్యాపూరణం: పాలపొడి డబ్బలో నుండి భయము పుట్టె

సమస్య (తేటగీతి): “పాలపొడి డబ్బలో నుండి భయము పుట్టె”

సందర్భం: జోస్యానికి వాడే టారో బొమ్మల కార్డులు చూసినవాళ్లకు ఏ.ఈ. వెయిట్ పేరు తెలుసు. 1909లో పమేలా కోల్మన్ స్మిత్ చేత ఆ బొమ్మలు వేయించింది ఆయనే. గుప్తవిద్యల మీద లావుపాటి గ్రంథాలు రాసిన ఈ మనిషి పొట్టకూటికి హార్లిక్స్ కంపెనీలో పనిచేశాడు. ఆ కంపెనీ పత్రికకు (దాని పూర్తి పేరులో మన ఇండియా కూడా ఉంది) సంపాదకుడై, 1904లో తన మిత్రుడు, వేల్స్ రచయిత ఆర్థర్ మాకెన్ కథ ‘ది వైట్ పీపుల్’ వేశాడు. పాలపొడి అమ్ముకునే పత్రికలో, మంత్రగత్తెల లోకంలోకి జారిపోయే ఓ అమ్మాయి రహస్యంగా రాసుకున్న ఆకుపచ్చ నోట్‌బుక్! ఇక పూరించండి.

తెనాలి మాస్టారు:
వెయిటు తన చెలికాని దౌ వింత కథను,
పచ్చ పొత్తము నింపిన బాల గాథ,
పొంగి యచ్చొత్తె హార్లిక్సు పుస్తకమున;
పాలపొడి డబ్బలో నుండి భయము పుట్టె!

నిర్వాహకుడు: మాస్టారూ, మీ పూరణ బాగుంది, యతులన్నీ కుదిరాయి. ‘కథ’, ‘గాథ’ పునరుక్తి. ‘వింత కథను’ బదులు ‘విద్య మెచ్చి’ అనండి. గణం చెడదు, వెయిట్ అభిమానం కూడా పద్యంలోకి వస్తుంది.

డల్లాస్ తమ్ముడు:
అమ్మ మూతను తీయంగ నందులోన
బల్లి కనిపింప భీతితో పాప వణికి
కేక పెట్టుచు తల్లిని గెంతి పట్టె;
పాలపొడి డబ్బలో నుండి భయము పుట్టె.

నిర్వాహకుడు: ముచ్చటగా ఉంది తమ్ముడూ. సందర్భం వదిలేసినా పూరణ నిర్దోషం. అభినందనలు.

హన్మకొండ అక్కయ్య:
కలల కొండ యేడేండ్లుగా గడప లేక
మూల బడియుండ వెయిటు తా ముద్ర వేసె;
మెచ్చుకోలన నిదియె గా మిత్రులార!
పాలపొడి డబ్బలో నుండి భయము పుట్టె.

నిర్వాహకుడు: అక్కయ్యా, ‘గడప లేక’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీరు ‘కలల కొండ’ అన్న మాకెన్ నవల ‘ది హిల్ ఆఫ్ డ్రీమ్స్’ 1897కే పూర్తయినా పుస్తకంగా 1907 దాకా రాలేదు. మధ్యలో 1904లో దాన్ని వేరే పేరుతో ధారావాహికగా వేసింది వెయిటే. స్నేహితుణ్ణి నోటితో పొగడటం తేలిక. జీతమిచ్చే కంపెనీ పత్రికలో ఇలాంటి రచనకు చోటివ్వాలంటే గుండె కావాలి. ఒక్క చిక్కు: ఆ నవలలో భయం కంటే రాసుకునేవాడి ఒంటరితనమే ఎక్కువ. సమస్యాపాదం అతికించినట్టుంది.

హన్మకొండ అక్కయ్య: మూడో పాదం “పచ్చ పొత్తము తోడుగా పంపినాడు” అంటే?

నిర్వాహకుడు: ఇప్పుడు అన్వయం కుదిరింది. ‘మెచ్చుకోలన’ పోవడం బాధే కానీ, ఇదే ఉంచండి.