బ్రహ్మోత్సవం ముక్కలు ముక్కలుగా వస్తా ఉంది, ఎవరైనా చెప్పండి

ఇంటిరాత (తిరుపతి):
సాయంత్రం ఐదు నుంచి ఇదే పని, యాష్టకొచ్చేసింది. ఇంట్లో కూర్చొని రాసిచ్చే పని నాది. యాత్రికుల కోసం 32 పేజీల పుస్తకం, మాటర్ మొత్తం నేనే రాసి పంపినా. వాళ్ళు పేజీలు పెట్టి పీడీఎఫ్ పంపితే చూస్తే ఒత్తులన్నీ విడిపోయినాయి. తప్పు నా టైపింగుదే అంట. రేపు పొద్దున పదికల్లా సరిచేసి ఇవ్వాలంట, లేకపోతే ఇంకొకరితో కొట్టించి ఆ ఖర్చు నా బిల్లులో పట్టుకుంటారంట. ఫాంట్లు తీసేసి మళ్ళీ వేసినా. కంప్యూటర్ మూడుసార్లు ఆపి పెట్టినా. ఒక్కో పదం దిద్దుకుంటా వస్తా ఉండా, ఎనిమిది పేజీలు అయినాయి. తొందరగా అయ్యే ఉపాయం ఏమన్నా ఉందా?

పొల్లు:
ఏ సాఫ్ట్‌వేర్?

ఇంటిరాత:
వర్డ్.

పొల్లు:
మీది కాదు. వాళ్ళది.

కీబోర్డు స్వామి:
అమ్మా, అసలు తప్పు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం దగ్గరే మొదలవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. తెలుగు మీటల అమరిక అది, విండోస్‌లో ఊరికే వస్తుంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్ళి తెలుగు చేర్చుకుంటే చాలు, ఆ తర్వాత విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. డి మీట మీద పొల్లు ఉంటుంది. క్ష కావాలంటే కె, డి, షిఫ్ట్ పట్టుకొని కామా. అంతే. కె మీద క అనేది తెలుగుకే కాదు, కన్నడానికీ తమిళానికీ కూడా అంతే. మన జిల్లాలో మూడు భాషలూ రాసేవాళ్ళకు ఇంతకన్నా సుఖం లేదు. రోజుకు అరగంట చొప్పున మూడు వారాలు కూర్చుంటే చేయి తిరుగుతుంది.

ఇంటిరాత:
స్వామీ, నాకు పొద్దున పదికి కావాల. మూడు వారాలు కాదు.

గాంధీరోడ్డు డీటీపీ:
మేడం, విడిపోయినాయి అంటే సరిపోదు, ఎట్లా కనబడతా ఉందో అట్లే కొట్టండి. డబ్బాలు వస్తే ఆ ఫాంటులో తెలుగు లేదని. వరసగా ప్రశ్న గుర్తులు వస్తే అక్షరాలు పోయినట్టే, ఆ ఫైలు నుంచి వెనక్కి రావు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉంటే అది అను అనే పాత తెలుగు సాఫ్ట్‌వేర్ మాటర్, ఫాంటు పడలేదని అర్థం. మీది ఈ మూడింట్లో ఏది?

ఇంటిరాత:
ఏదీ కాదు. బ్రహ్మోత్సవం అనేది బ్‌రహ్‌మోత్‌సవం అని వస్తా ఉంది. కపిలతీర్థం కపిలతీర్‌థం. అన్నీ ఇట్లే. పెద్దక్షరాల శీర్షికలు మాత్రం బాగుండాయి, లోపలి మాటరే ఇట్లా. వాళ్ళ దగ్గర అను ఉందని చెప్పినారు.

పొల్లు:
అను అయితే ఇట్లా రాదు. ఇన్‌డిజైన్.

గాంధీరోడ్డు డీటీపీ:
అవును, ఇన్‌డిజైనే, పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్. మీ టైపింగులో తప్పేమీ లేదు మేడం. కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పద్ధతి యూనికోడ్, అందులో బ్రహ్మోత్సవం అంటే 12 గుర్తులు. బ, పొల్లు, ర, హ, పొల్లు, మ, ఓత్వం, త, పొల్లు, స, వ, సున్న. ఫైల్లో ఉండేది ఇంతే. పొల్లు తర్వాత వచ్చే హల్లును ఒత్తుగా మార్చి కిందికి దించేది చూపించే సాఫ్ట్‌వేర్ పని. ఇన్‌డిజైన్‌లో పంక్తులు పేర్చే మామూలు కంపోజర్ ఆ పని చేయదు, పన్నెండింటినీ వరసగా పేర్చి వదిలేస్తుంది. ఆపరేటర్‌కు ఇది అట్లే పంపండి:

టైప్ టూల్‌తో మాటర్ మధ్యలో క్లిక్ చేసి కంట్రోల్ ఏ. పేరాగ్రాఫ్ ప్యానెల్ కుడి పైమూలన గీతల గుర్తు నొక్కితే వచ్చే మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాల. కంట్రోల్ ఏ అంటే ఒకదానికొకటి లింకయిన మాటర్ బాక్సులు మాత్రమే వస్తాయి. ఫొటో కింది వ్యాఖ్యలు, పక్క బాక్సులు విడిగా ఉంటే ఒక్కోటీ మళ్ళీ చేయాల. అందుకని పేరాగ్రాఫ్ స్టైల్ ఆప్షన్స్‌లో జస్టిఫికేషన్‌కు పోయి, అక్కడుండే కంపోజర్ గడిలోనే మార్చేస్తే ఆ స్టైల్ పడిన చోటంతా ఒకేసారి మారిపోతుంది. శీర్షికలు బాగున్నాయంటే వాటి స్టైల్‌లో ఎవరో ముందే ఇది పెట్టినారు.

మార్చినాక ఇంకో రెండు ఉండాయి. ఒత్తులు కిందికి పోతాయి కాబట్టి పంక్తి కుదించుకుంటుంది, మాటర్ పైకి జరుగుతుంది. పేజీ చివర్లు, ఫొటోల పక్కన మళ్ళీ చూసుకోవాల. రెండోది లీడింగ్, అంటే పంక్తికీ పంక్తికీ మధ్య దూరం. 12 పాయింట్లకు ఆటోలో 14.4 పడుతుంది. స్త్రీ, రాష్ట్రం లాంటి జంట ఒత్తులు కింది పంక్తి గుడిని పోయి తగులుతాయి. 17 గానీ 18 గానీ పెట్టమనండి.

అన్నమాట:
ఒక సవరణ. దీన్ని అందరూ "ఫాంట్ ప్రాబ్లం" అనేస్తారు. ఫాంట్ కాదు, ఎన్‌కోడింగూ కాదు, షేపింగ్, అంటే అక్షరాలను కలిపి చూపించే పని. ఇంకోటి, "ఒత్తు" అనరాదు, "వత్తు" అనాలి.

కీబోర్డు స్వామి:
వత్తి అంటే దీపంలో వేసేది. అక్షరం కింద వచ్చేది ఒత్తే.

అన్నమాట:
నేను వత్తి అనలేదు. వత్తు అన్నాను. మళ్ళీ చదవండి.

ఇంటిరాత:
మీరిద్దరూ ఆగండి దయచేసి. గాంధీరోడ్డు అన్నా, వాళ్ళ వైపే తప్పయితే నా వర్డ్‌లో కూడా ఎందుకు విడిపోయి కనబడతా ఉంది? నేను దిద్దేది వర్డ్‌లోనే కదా.

గాంధీరోడ్డు డీటీపీ:
మీరు దిద్దుతా ఉండేది ఏ ఫైలు?

ఇంటిరాత:
వాళ్ళ పీడీఎఫ్‌లోంచి కాపీ చేసుకొని వర్డ్‌లో పెట్టుకున్నా. ఫొటోల పక్కన వాక్యాలు కోసినారు, అదే లేటెస్ట్ కదా అని.

పొల్లు:
ఆపేయండి.

గాంధీరోడ్డు డీటీపీ:
అయ్యో, ఆపేయండి మేడం. ఐదు గంటలు దీనికా! పీడీఎఫ్ నుంచి తెలుగు ఎప్పుడూ కాపీ చేయొద్దు. అందులో ఉండేది అక్షరాల బొమ్మలు. వాటిని వెనక్కి యూనికోడ్ చేసేటప్పుడు గుడి ఒక చోటికి, ఒత్తు ఇంకో చోటికి పోతాయి, మధ్యలో లేని ఖాళీలు పడతాయి. బాగా కనబడే పీడీఎఫ్ నుంచి తీసినా అంతే. మీరు మొదట పంపిన వర్డ్ ఫైలు ఉందా?

ఇంటిరాత:
సెంట్ మెయిల్‌లో ఉంది. ఫోన్లో జీబోర్డ్‌తో గూగుల్ డాక్స్‌లో కొట్టి, వర్డ్‌గా దించి పంపినా.

గాంధీరోడ్డు డీటీపీ:
అది శుభ్రమైన యూనికోడ్. దాన్నే మళ్ళీ పంపండి, తోడుగా డాక్స్ నుంచి ఒక పీడీఎఫ్ కూడా దించి పెట్టండి, ఆపరేటర్ పక్కన పెట్టుకొని చూసుకుంటాడు. వాళ్ళు కోసిన వాక్యాలు పేజీ, పేరా, పంక్తి నంబర్లు వేసి విడిగా రాసివ్వండి. మీరు దిద్దిన ఎనిమిది పేజీలు పక్కన పారేయండి. వాటిలో ఆన్‌లైన్ కాస్తా ఆన్లైన్ అయిపోయి ఉంటుంది చూడండి.

ఇంటిరాత:
అవును అన్నా! ఎట్లా తెలిసింది?

గాంధీరోడ్డు డీటీపీ:
న్ తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒత్తు పడకుండా ఆపేది అదే. సాఫ్ట్‌వేర్‌లో ట్, వే మధ్య కూడా అదే. చేత్తో దిద్దేటప్పుడు బ్యాక్‌స్పేస్‌కు అది పోతుంది. వర్డ్‌లో కావాలంటే 200, దాని పక్కనే ఇంగ్లీషు సి కొట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కండి, పడుతుంది. ఎక్కడెక్కడ ఉందో వెతకాలంటే ఫైండ్ గడిలో క్యారెట్ గుర్తు (^), చిన్న యు, 8204, మధ్యలో ఖాళీ లేకుండా. దాన్ని రీప్లేస్ ఆల్ మాత్రం కొట్టొద్దు.

చిత్తూరు అనువాదం:
అక్కా, ఈసారి పని ఒప్పుకునేటప్పుడే ఒక మాట రాసుకోండి. ఇచ్చేది యూనికోడ్ వర్డ్ ఫైలు. అనులోకి మార్చడం, పేజీలు పెట్టడం మీ పని కాదు. మొదటి ప్రూఫ్ ఉచితం, అది దాటితే పేజీకి ఇంత. పని మొదలుపెట్టక ముందే ఒక పరీక్ష పంక్తి పంపి పీడీఎఫ్ తెప్పించుకోండి. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, శాస్త్రి, ఆన్‌లైన్ ఉంటే చాలు, వాళ్ళ దగ్గర ఏముందో బయటపడుతుంది.

పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ అయితే వేరే తంటా. 7.0 కూడా 2001 నాటిది, యూనికోడ్ అసలు తెలీదు. అనులోకి మార్చే పోయాల. మార్చినాక ఇంగ్లీషు పదాలు, వెబ్ చిరునామాలు, మెయిల్ ఐడీలు పిచ్చి తెలుగుగా కనబడతాయి, ఎందుకంటే అనులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. వాటిని ఒక్కోటీ పట్టుకొని ఇంగ్లీషు ఫాంటు వేయాల. అందుకే అట్లాంటి పనికి రేటు వేరే.

బిల్లు పదాల లెక్కన అయితే మీరు పంపిన వర్డ్ ఫైలు లెక్కే పట్టుకోండి. పీడీఎఫ్ నుంచి తీసిన దాంట్లో దొంగ ఖాళీలతో లెక్క పెరుగుతుంది, ఎక్కువేసినావని వాళ్ళు మీ మీదికే వస్తారు. అనువాదమైతే ఇంగ్లీషు మూలం పదాలకే రేటు అడగండి. డు నాట్ గో మూడు పదాలు, పోవద్దు ఒకటే.

అన్నమాట:
తెలుగులో పదం అంటే ఏమిటో తేల్చకుండా పదాల లెక్క ఎలా వేస్తారు? "చేస్తా ఉంది" ఒకటా రెండా?

చిత్తూరు అనువాదం:
వర్డ్ రెండంటే రెండు. డబ్బులిచ్చేది దాని ప్రకారమే.

ఇంటిరాత (మరుసటి రోజు):
ఆపరేటర్‌కు ఆ మెసేజ్ పంపినా. పది నిమిషాల్లో కొత్త పీడీఎఫ్ వచ్చింది, లోపలంతా బాగుంది. 31 పేజీలకే అయిపోయిందని ఇంకో ఫొటో అడుగుతా ఉండారు. థాంక్స్ అన్నా. కవర్ మీద మాత్రం ఇంకా బ్‌రహ్‌మోత్‌సవం అనే ఉంది.

పొల్లు:
కవర్ ఏ సాఫ్ట్‌వేర్?

గాంధీరోడ్డు డీటీపీ:
ఫొటోషాప్ అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోనే వరల్డ్-రెడీ లేఅవుట్ ఉంటుంది. పాత వెర్షన్‌లో అది కనబడకపోతే ప్రిఫరెన్సెస్, టైప్‌లో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ పెట్టి, ఫొటోషాప్ మూసి తెరవాల.

మదనపల్లె మనిషి:
నాకూ ఇదే బాధ, ఇల్లస్ట్రేటర్‌లో. పెళ్ళి పత్రిక, రేపే ప్రింటుకు పోవాల. ఏం చేయాల?

కీబోర్డు స్వామి:
ముందు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి.