డైరెక్ట్ పేలో వివరాలు సరిపోలడం లేదు: ఏప్రిల్ 15 లోపు పొడిగింపు, చెల్లింపు ఎలా?

ఇర్వింగ్_టు_ఫ్రిస్కో

అందరికీ నమస్కారం. 2025 సంవత్సరం అమెరికా ఫెడరల్ పన్ను రిటర్ను గడువులోపు వేసేలా లేను. పొడిగింపు తీసుకుని, కట్టాల్సిన పన్ను మాత్రం ముందే కట్టేద్దామని చూస్తున్నాను.

వివరాలు ఇవీ. 2024 రిటర్ను సింగిల్‌గా వేశాను, అప్పటి అడ్రసు ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్. 2025 ఫిబ్రవరిలో పెళ్లయింది. మా ఆవిడ మేలో హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చింది. తనకు ఎస్.ఎస్.ఎన్. (సోషల్ సెక్యూరిటీ నంబరు) రాదు, దాని బదులు పన్ను పనులకు ఇచ్చే ఐటిన్ నంబరు ఇంకా తీసుకోలేదు. జూలైలో ఫ్రిస్కోకి మారాం. ఈసారి జాయింటుగా వేస్తాం.

ఐ.ఆర్.ఎస్. (అమెరికా పన్ను శాఖ) సైటులో బ్యాంకు ఖాతా నుంచి పన్ను కట్టే డైరెక్ట్ పేలో జాయింట్ స్టేటస్ పెట్టి, ఫ్రిస్కో అడ్రసు ఇచ్చాను. వివరాలు సరిపోలలేదని వచ్చింది. పాస్‌పోర్టులో నా పేరు మూడు ముక్కలు, ఇంటిపేరు వేరే. ఏ ముక్క ఎక్కడ రాయాలో కూడా సందేహమే. గుర్తింపు నిర్ధారించే ఐడి.మీ సైటులో ఖాతా లేకుండా ఈ పని అవుతుందా? డైరెక్ట్ పేలో కట్టాక పొడిగింపు కోరే ఫారం 4868 విడిగా పంపాలా?

లెక్కలపుస్తకం

అవుతుందండీ. డైరెక్ట్ పేకి ఐడి.మీ అక్కర్లేదు, లాగిన్ అసలే లేదు. మీ దగ్గర తేడా వచ్చింది రెండు సంవత్సరాలు కలిసిపోవడం వల్ల. ఆ పేజీల్లో సంవత్సరం రెండుసార్లు అడుగుతారు, రెండింటికీ పని వేరు.

మొదటి పేజీలో కారణం దగ్గర ఎక్స్‌టెన్షన్, దేనికి జమ అన్నచోట 4868, పన్ను సంవత్సరం 2025. ఇది డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పడానికి. రెండో పేజీలో గుర్తింపు కోసం మళ్లీ సంవత్సరం అడుగుతారు. అక్కడ మీరు ఇప్పటికే రిటర్ను వేసి, ప్రాసెస్ అయిపోయిన ఏడాదిని ఎంచుకోవాలి. 2025 రిటర్ను మీరింకా వేయనే లేదు, కాబట్టి పోల్చి చూడడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. 2024 పెట్టండి. పెట్టాక కింద రాసేదంతా 2024 రిటర్నులో ఉన్నట్టే ఉండాలి. స్టేటస్ సింగిల్, అడ్రసు ఇర్వింగ్‌ది. పెళ్లయింది, ఇల్లు మారింది అన్న సంగతులకు ఈ పేజీలో చోటు లేదు.

గుర్తుమీద రాయకండి, 2024 ఫారం 1040 (మీరు వేసిన రిటర్ను) మొదటి పేజీ పక్కన తెరిచి పెట్టుకోండి. పైన పేరు గళ్లు రెండు. మొదటి దాంట్లో మొదటి పేరు, మధ్య పేరు తాలూకు ఒక్క అక్షరం. రెండో దాంట్లో చివరి పేరు. మనవాళ్ల పేర్లు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే. ఎస్.ఎస్.ఎన్. కార్డు మీద వెంకట సాయి కృష్ణ అని ఉంటే, రిటర్ను తయారుచేసినవాళ్లు మొదటి పేరుగా 'వెంకట' వేసి, 'ఎస్' అని అక్షరం పెట్టి ఉండొచ్చు. లేదా మూడూ కలిపి రాసి ఉండొచ్చు. పాస్‌పోర్టు చూసి నింపితే తేడా వస్తుంది, 1040 చూసి నింపండి. వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్.ఎన్.యు. (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడినవాళ్లకూ ఇదే మాట.

అడ్రసులో అపార్ట్‌మెంట్ నంబరు ముందు హ్యాష్ గుర్తు, కామాలు, చుక్కలు తీసేసి చూడండి. స్ట్రీట్, డ్రైవ్ లాంటి మాటలు రిటర్నులో పొట్టిగా ఉంటే పొట్టిగానే రాయండి. పుట్టినరోజు నెల ముందు, తేదీ తర్వాత. ఆగస్టు 5ని మన అలవాటు ప్రకారం 05/08 అని రాస్తే అది మే 8 అయిపోతుంది. తేదీ 12 లోపు ఉన్నవాళ్లకు ఈ తప్పు కంటికి ఆనదు.

2024తో రెండుసార్లు కుదరకపోతే 2023తో ప్రయత్నించండి. అప్పుడు స్టేటస్, అడ్రసు అన్నీ 2023 రిటర్నువే ఇవ్వాలి. ఒక ఏడాది స్టేటస్, ఇంకో ఏడాది అడ్రసు కలిపితే ఎన్నిసార్లు చేసినా అంతే.

ఇది దాటాక బ్యాంకు వివరాలు. రౌటింగ్ నంబరు (బ్యాంకును గుర్తించే నంబరు) 9 అంకెలు, తర్వాత ఖాతా నంబరు, చెకింగా సేవింగ్సా అన్నది. చివర్లో వచ్చే కన్ఫర్మేషన్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఈమెయిల్ కూడా అడగండి. పొరపాటు జరిగితే, చెల్లింపు తేదీకి రెండు పనిదినాల ముందు వరకు ఆ నంబరుతోనే సవరించుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

4868 విడిగా పంపనక్కర్లేదు. కారణం ఎక్స్‌టెన్షన్ అని పెట్టి గడువులోపు ఆన్‌లైన్‌లో కడితే అదే పొడిగింపు అభ్యర్థన అవుతుంది. పొరపాటున 'బ్యాలెన్స్ డ్యూ' (బాకీ పన్ను) ఎంచుకుంటే మాత్రం డబ్బు జమ అవుతుంది కానీ పొడిగింపు అడిగినట్టు కాదు. ఆ ఒక్క గడి రెండుసార్లు చూసుకోండి.

ఎదురుఖాతా

పైన చెప్పిందంతా సరైనదే. డైరెక్ట్ పే ఎలాగూ కుదరని వాళ్లున్నారు, వాళ్ల కోసం రాస్తున్నాను. అమెరికాలో మొదటిసారి రిటర్ను వేసేవాళ్లకు పోల్చడానికి పాత రిటర్నే లేదు కాబట్టి అక్కడ దారి మూసుకుపోతుంది.

కార్డుతో కట్టొచ్చు. ఐ.ఆర్.ఎస్. సైటు నుంచే చెల్లింపు సంస్థల పేజీకి వెళ్లాలి. పాత రిటర్నుతో పోల్చడం ఉండదు. డెబిట్ కార్డుకు రెండు డాలర్ల చిల్లర రుసుము, క్రెడిట్ కార్డుకు దాదాపు 1.75 శాతం, ఆపైన. అక్కడ కూడా 4868 అనే ఎంచుకోవాలి. వెయ్యి, రెండు వేల డాలర్లయితే డెబిట్ కార్డే మేలు.

ఐ.ఆర్.ఎస్. ఉచిత ఆన్‌లైన్ సేవ ఫ్రీ ఫైల్ ద్వారా 4868ని ఎలక్ట్రానిక్‌గా పంపడం ఇంకో దారి. పొడిగింపుకి ఆదాయ పరిమితి లేదు. అందులోనే బ్యాంకు ఖాతా నుంచి కట్టాలనుకుంటే గుర్తింపు కోసం పోయిన ఏడాది ఏ.జి.ఐ. (సర్దుబాట్ల తర్వాత మిగిలే మొత్తం ఆదాయం) అడుగుతుంది. 2024 ఫారం 1040లో అది 11వ లైను. సెంట్లు వదిలేసి, డాలర్లు రిటర్నులో ఉన్నట్టే రాయాలి. డబ్బు కట్టాల్సింది లేకుండా పొడిగింపు మాత్రమే కావాలంటే ఇదే సులువు.

పన్ను కట్టే మరో ప్రభుత్వ సైటు ఈ.ఎఫ్.టి.పి.ఎస్. గురించి పాత చర్చలు చూసి అటు వెళ్లకండి. 2025 అక్టోబర్ 17 నుంచి వ్యక్తులకు అక్కడ కొత్త నమోదు ఆపేశారు.

ఇక ఐడి.మీ. గడువు దగ్గర పడ్డాక మొదలుపెట్టే పని కాదు కానీ, తర్వాతైనా చేసుకోండి. ఐ.ఆర్.ఎస్. ఆన్‌లైన్ ఖాతాలో కట్టిన డబ్బు జమైందో లేదో కనిపిస్తుంది, పాత రిటర్నుల ట్రాన్‌స్క్రిప్టులు (వివరాల నకళ్లు) దొరుకుతాయి. డ్రైవింగ్ లైసెన్సు గానీ పాస్‌పోర్టు గానీ, ఫోనుతో సెల్ఫీ, ఎస్.ఎస్.ఎన్. కావాలి. మీ పేరున ఉన్న మొబైల్ నంబరే వాడండి. లైసెన్సు ఫోటోలో నాలుగు అంచులూ కనిపించాలి, ట్యూబులైటు మెరుపు పేరు మీద పడకూడదు. సెల్ఫీ ఇష్టం లేకపోయినా, కుదరకపోయినా మనిషితో వీడియో కాల్ ఎంచుకోవచ్చు. దానికి అసలు పత్రాలు చేతిలో ఉండాలి.

ఇర్వింగ్_టు_ఫ్రిస్కో

2024 పెట్టి, సింగిల్, ఇర్వింగ్ అడ్రసు ఇచ్చాను, ఒక్కసారికే తీసుకుంది. 1040లో చూస్తే మొదటి పేరు ఒక్క ముక్కే ఉంది. ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఇంకా డబ్బు కట్టలేదు. ఎంత కట్టాలి? మా ఆవిడకు ఐటిన్ లేకపోవడం పొడిగింపుకి అడ్డా?

డబ్ల్యూ_సెవెన్

అడ్డు కాదు. జాయింట్ రిటర్నులో మొదట మీ పేరే వస్తుందిగా, మీ ఎస్.ఎస్.ఎన్. మీదే కట్టండి. కాగితం మీద 4868 పంపేవాళ్లయితే భాగస్వామి నంబరు గడిలో 'ఐటిన్ టు బి రిక్వెస్టెడ్' అని ఇంగ్లీషులో రాస్తే సరిపోతుంది.

ఎంత కట్టాలన్నదే అసలు విషయం. అక్టోబర్ 15 వరకు దొరికేది రిటర్ను వేయడానికి గడువు, డబ్బుకి మాత్రం ఏప్రిల్ 15 చివరి రోజు. 2025కి మొత్తం పన్ను అంచనా వేయండి, అందులోంచి డబ్ల్యూ-2 (యజమాని ఇచ్చే జీతం పత్రం) రెండో గడిలో ఉన్న పన్ను కోత తీసేయండి. అంచనా 14,200 డాలర్లు, కోత 12,900 అయితే 1,300 కట్టాలి. బ్యాంకు వడ్డీ, షేర్ల అమ్మకం, ఇండియాలోని ఎఫ్.డి.ల వడ్డీ మర్చిపోకండి. మీ ఆవిడ మేలో వచ్చి ఇక్కడే ఉండిపోతే 2025లోనే 183 రోజులు దాటుతాయి. అప్పుడు తన పేరున ఇండియాలో వచ్చే ఆదాయం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే అంచనా కాస్త పైకే వేయడం మంచిది. ఎక్కువైతే రిఫండులో వెనక్కి వస్తుంది.

పొడిగింపు అడక్కుండా రిటర్ను ఆలస్యమైతే, కట్టాల్సిన పన్ను మీద నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా. పొడిగింపు ఉండి డబ్బు మాత్రమే బాకీ పడితే నెలకు 0.5 శాతం, దానికి తోడు వడ్డీ. మొత్తం పన్నులో కనీసం 90 శాతం ఏప్రిల్ 15కే చేరి, మిగిలింది రిటర్నుతో పాటు కట్టేస్తే ఆ 0.5 శాతం కూడా పడదు. వడ్డీ మాత్రం తప్పదు.

పొడిగింపు వచ్చింది కదా అని ఐటిన్ పని అక్టోబర్ దాకా నాన్చకండి. ఐటిన్ దరఖాస్తు అయిన ఫారం డబ్ల్యూ-7 రిటర్నుకి జతచేసి పంపాలి, మామూలుగానే 7 వారాలు పడుతుంది. నోటరీ చేసిన పాస్‌పోర్టు నకలు ఒప్పుకోరు. అసలు పాస్‌పోర్టు పోస్టులో పంపడం ఇష్టం లేకపోతే పత్రాలు ధ్రువీకరించే సర్టిఫైయింగ్ ఏజెంటు దగ్గరికి గానీ, పత్రాలు పరిశీలించే ఐ.ఆర్.ఎస్. సహాయ కేంద్రానికి అపాయింట్‌మెంటు తీసుకుని గానీ వెళ్లండి. చూసి వెనక్కి ఇచ్చేస్తారు.

ఆ రిటర్ను వేసేటప్పుడు ఫ్రిస్కో అడ్రసే రాయండి. వచ్చే ఏడాది డైరెక్ట్ పేలో 2025ని ఎంచుకుంటే, అప్పుడు జాయింట్ స్టేటస్, ఫ్రిస్కో అడ్రసు ఇవ్వాలి.