కొత్తింట్లో టక్‌టక్ చప్పుళ్ళు, మోటారు ఆపితే ధడేల్: ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (విజయనగరం, కంటోన్మెంట్ వైపు)

గురువులూ, ఓ సలహా కావాలి. కార్తీకంలో గృహప్రవేశం అయింది. జీ ప్లస్ వన్, పిల్లర్ల మీద ఎర్రిటుక గోడలు. శివరాత్రి దాటి ఎండ తగిలిన దగ్గర్నుంచి చప్పుళ్ళు మొదలయ్యాయి. రాత్రి 8 దాటాక పై హాల్లో జిప్సం సీలింగ్‌లోంచి టక్, కాసేపాగి మళ్ళీ టక్. పొద్దున్న గీజరు నీళ్ళు వదిలితే బాత్రూమ్ గోడలో టిక్కు టిక్కు. సంపు మోటారు ఆపగానే ధడేల్‌మని గోడ అదురుతుంది. కింద హాల్లో కిటికీ దగ్గర 4×2 అడుగుల టైల్స్ మీద నడిస్తే కిర్రుమంటాయి. చుట్టాలు శాంతి చేయించమంటున్నారు, మేస్త్రేమో "కొత్తిల్లు కదండీ, సర్దుకుంటాది" అంటున్నాడు. పునాది దిగుతోందేమోనన్నదే నా భయం.

నాగావళి ఇంజనీరు:

ముందు ఆ భయం సంగతి చూద్దాం. పునాది దిగితే టైం చూసుకుని దిగదండి. రోజూ అదే వేళకి వచ్చే చప్పుడు ఎండది, లేదా నీళ్ళది. పునాది తేడా అయితే కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా నెరలు (పగుళ్ళు) వస్తాయి, తలుపులు పట్టేస్తాయి. పిల్లరుకీ ఇటుకకీ మధ్య నిలువుగా వెంట్రుకంత గీత ఉంటే దానికి కంగారొద్దు, ప్లాస్టరింగ్ ముందు అక్కడ కోడిమెష్ (సన్న ఇనుప వల) కొట్టకపోతే అలా వస్తుంది. ఏటవాలు నెర కనిపిస్తే దాని మీద అడ్డంగా సన్న గాజు పట్టీని రెండు చివరలా ఎరాల్డైట్‌తో అంటించి తేదీ రాయండి. గాజు పగిలితే నెర ఇంకా కదులుతోందని అర్థం, అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి. నల్లరేగడి నేలయితే ఈ పని ఇప్పుడే చెయ్యండి, వానలకి ఉబ్బి ఎండలకి కుంగే మట్టి అది.

ఇక సీలింగ్. 20 డిగ్రీల తేడాకి 10 మీటర్ల శ్లాబు సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. శ్లాబుకి వేలాడే జీఐ ఛానల్ (సీలింగ్‌ని మోసే ఇనుప పట్టీ) దానితో పాటు జరుగుతుంది, గోడకి బిగించిన అంచు ఛానల్ జరగదు. రెంటి మధ్య పట్టు జారినప్పుడల్లా ఒక టక్. చప్పుడొచ్చే చోటికి దగ్గర్లోని లైటు విప్పి, ఆ కన్నంలోంచి సెల్ కెమెరా పెట్టి చూడండి. వదులైన నట్లు బిగించండి, ఇనుము ఇనుముతో రాసుకునే చోట రబ్బరు ముక్క పెట్టండి. డాబా మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింటు రెండు కోట్లు వేస్తే శ్లాబు అంత వేడెక్కదు, చప్పుడూ తగ్గుతుంది.

పైపుల బాబు:

గీజరుదీ మోటారుదీ వేరువేరు జబ్బులు. సీపీవీసీ పైపు (వేడినీళ్ళకి వేసే ప్లాస్టిక్ పైపు) 3 మీటర్లుంటే, 30 నుంచి 60 డిగ్రీలకి వేడెక్కేసరికి 6 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. గాడిలో పెట్టి సిమెంటుతో బిర్రుగా మూసేస్తే సాగే చోటు లేక ఎల్బో దగ్గర గోడని తంతుంది. గీజరు నాబ్ 50కి తగ్గించి చూడండి, చాలా ఇళ్ళల్లో దాంతోనే పోతుంది. పోకపోతే టైల్ పగలగొట్టాలి, పైపుకి ఫోమ్ ట్యూబ్ తొడిగి, ఎల్బో చుట్టూ కాస్త ఖాళీ వదిలి మూయాలి. టిక్కుటిక్కుల కోసం అంత పని నేనైతే చెయ్యను.

మోటారుది మాత్రం వదలొద్దు. మోటారు ఆగగానే పైకెళ్ళిన నీళ్ళు వెనక్కి తిరిగి ఎన్నార్వీ (నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్) రేకుని కొడతాయి, అదే ఆ ధడేల్. అలా రోజూ తగిలితే జాయింట్లు లీకవుతాయి. ఒక పరీక్ష చెయ్యండి: మోటారు నుంచి పైకెళ్ళే పైపు మీది డెలివరీ గేట్ వాల్వ్ మెల్లగా మూసి, వెంటనే మోటారు ఆపండి. చప్పుడు రాకపోతే దోషం ఎన్నార్వీదే. రేకు రకం తీసేసి స్ప్రింగు ఎన్నార్వీ పెట్టించండి, నీరు వెనక్కి తిరిగేలోపే మూసుకుంటుంది. బాణం గుర్తు పైకి ఉండాలి, పక్కన యూనియన్ (విప్పడానికి వీలైన జాయింటు) ఉండాలి. నిలువు పైపుకి ప్రతి 3, 4 అడుగులకీ రబ్బరున్న క్లాంపు వెయ్యాలి.

ప్రశ్న అడిగినవారు:

గేట్ వాల్వ్ మూసి ఆపితే చప్పుడు లేదు. ఎన్నార్వీ మార్పిస్తాను. ఏటవాలు నెరలేమీ లేవు. టైల్స్ సంగతి చెప్పండి, కన్నం పెట్టి కిందికి జిగురు ఎక్కించే ఇంజెక్షన్ చేస్తే సరిపోతుందంటున్నారు.

రాజాం టైల్స్ మేస్త్రి:

ఇంజెక్షన్ ఎక్కడ పనికొస్తుందో ముందు తేల్చుకోవాలి. రూపాయి బిళ్ళతో ప్రతి టైల్‌నీ నాలుగు మూలలా, నడుమా కొట్టి, డొల్లగా మోగిన చోట సుద్దతో గుండ్రం గియ్యండి. అక్కడ కాలు పెడితే టైల్ కదలకుండా, డొల్ల అరచెయ్యంత మేరే ఉంటే జాయింటులో సన్న కన్నం పెట్టి పల్చటి ఎపాక్సీ జిగురు దించవచ్చు. మీవి కిర్రుమంటున్నాయంటే కదులుతున్నాయి. కదిలే టైల్‌కి ఎపాక్సీ పోస్తే డబ్బు దండగ.

విట్రిఫైడ్ టైల్ 0.5 శాతం నీరు కూడా పీల్చదు. సిమెంటు పాలు పోసి పరిస్తే వెనక పట్టు దొరకదు. దానికి తోడు జాయింటు కనిపించకూడదని ఒకదానికొకటి ఆనించి వేస్తారు. కిటికీ ఎండ పడి సాగినప్పుడు టైల్‌ని టైల్ నెట్టుకుంటుంది, ఏదో రోజు రెండు కలిసి గుడారంలా లేస్తాయి. అందుకే ముందు గోడవారన స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే టైల్ పట్టీ) కింద చూడండి. అక్కడ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. సిమెంటుతో పూడ్చేసి ఉంటే కటింగ్ మెషీన్‌తో తెరిపించండి, ఒక్కోసారి కిర్రు సగం అక్కడే పోతుంది.

మోగిన టైల్స్ తీసినప్పుడు కింద పాత సిమెంటు బెడ్‌ని గట్టి పొర తగిలేదాకా చెక్కాలి, దుమ్ము ఉండకూడదు. ఐఎస్ 15477 (భారతీయ ప్రమాణం) గుర్తున్న టైప్ 2 గానీ 3 గానీ టైల్ గమ్ము తీసుకోండి. 20 కేజీల బస్తా మందాన్ని బట్టి 40 నుంచి 50 చదరపు అడుగులకి వస్తుంది. 10 మిల్లీమీటర్ల పళ్ళ తాపీతో నేల మీద గీతలు ఒకే వైపు లాగి, టైల్ వెనక కూడా పల్చగా పుయ్యాలి. గమ్ము ముద్దలుగా ఐదు చోట్ల పెట్టి అంటించే మేస్త్రి అయితే పని ఆపించండి, మళ్ళీ డొల్లే. మొదటి టైల్ వేశాక ఓసారి లేపి వెనక చూడండి, మూలలదాకా గమ్ము అంటాలి. టైల్స్ మధ్య ఖాళీ నిలిపే 2 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టాలి, పాతవి ఆనించి ఉన్నాయి కాబట్టి కొత్తవాటి అంచు కాస్త కోయాల్సి వస్తుంది. 24 గంటలు ఎవరినీ నడవనివ్వకండి, గ్రౌట్ (జాయింట్లు నింపే ముద్ద) ఆ తర్వాతే. గోడవార ఖాళీలో మాత్రం గ్రౌట్ వద్దు, సిలికాన్ పెట్టి పైన స్కర్టింగ్ వెయ్యండి.