అప్‌డేట్: సున్నపు గోడ మీద సిమెంటు పూత ఊడుతోందని అడిగిన ప్రశ్న

డంగుసున్నంతో కట్టిన పాత మండువా లోగిలి గోడకు సిమెంటు పూత వేస్తే రెండు వానాకాలాలకే పెచ్చులూడి, వెనక తెల్లటి ఉప్పు పేరుకుందని అడిగాను. సిమెంటు తీసి మళ్లీ సున్నమే వేయమన్నారు. వేశాం.

సిమెంటును ఉలి, చిన్న సుత్తితోనే తీయాలి. మెషీను పెట్టిన చోట ఇటుకల అంచులు చిట్లాయి. పునాది నుంచి ఎక్కే చెమ్మ సిమెంటు దాటి ఆరలేక వెనకే ఆగుతుంది. అందులోని ఉప్పు గడ్డకట్టి పూతను బయటికి తోస్తుంది. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల మీద కూడా 20వ శతాబ్దంలో వేసిన సిమెంటు తీసి సున్నపు పూతే వేశారు.

సున్నాన్ని నెల రోజులు నీళ్ల కింద నానబెట్టి జల్లెడ పట్టాం. అడుగు పూతకు సున్నం 1 పాలు, ఇసుక 2, సుర్ఖీ 1. సుర్ఖీకి తక్కువగా కాలిన ఇటుకల పొడే కావాలి. బాగా కాలినదైతే సున్నంతో కలిసి గట్టిపడదు, ఉత్త ఇసుకలా మిగులుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపాం. బెల్లం ఎక్కువైతే చీమలు ఖాయం!

తప్పు జరిగింది పడమటి గోడకు. ఎండ తగిలే వైపు తడి గోనెలు కట్టకపోవడంతో వెంట్రుకవాసి బీటలు వచ్చాయి. అక్కడ గీకేసి మళ్లీ వేసి, పది రోజులు తడిపాం.

కింది రెండడుగుల్లో ఉప్పు ఇంకా పూస్తోంది. పొడి బ్రష్‌తోనే దులుపుతున్నాం. కడిగితే కరిగి తిరిగి గోడలోకే పోతుంది.